సైబరాబాద్ పడమటి గుట్టల్లో మౌంటెన్ బైకింగ్

ఐటీ కంపెనీలున్న హైదరాబాద్ పడమటి భాగాన్ని సైబరాబాద్ అంటారు. అక్కడి హైటెక్ సిటీ నుంచి వికారాబాద్ అనంతగిరి గుట్టల దాకా పరుచుకున్న రాతిగుట్టలు, చెరువు కట్టలు, మొరం రోడ్లు, బండ్ల బాటల మీద సాగే సైకిల్ సవారీని మౌంటెన్ బైకింగ్ అంటున్నారు. సవారీకి వెళ్లేవాళ్ల నోట అది ఎంటీబీ, దారి ట్రైల్. తెల్లవారుజామునే గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడల నుంచి బయల్దేరి, ఎండ ముదరకముందే ఇల్లు చేరే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఈ దారుల్లో ఎక్కువగా కనిపిస్తారు. దారులు మాత్రం వాళ్లకంటే ఎన్నో తరాలు పాతవి. పొలానికి ఎడ్లబండి పోవడానికి, గొర్రెల మంద మేతకెక్కడానికి, నీరటికాడు చెరువు తూము చేరడానికి, గుడికో దర్గాకో జనం నడవడానికి పడిన బాటలివి. అందుకే ఇక్కడి సవారీ గురించి చెప్పాలంటే సైకిల్ కన్నా ముందు ఆ బాటలను, వాటి వెంట బతికిన ఊళ్లను చెప్పుకోవాలి.

నేల తీరు

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. దాని మీద లేచిన గుట్టలు పెద్ద ఎత్తేమీ కావు. హిమాలయాల్లోలా గంటల తరబడి ఎక్కే దారి ఇక్కడ దొరకదు. ఇక్కడి కష్టమంతా నేలలో ఉంది. ఈ ప్రాంతపు గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రవేత్తల లెక్క. భూమి లోపల గడ్డకట్టిన ఆ రాయి, పైనున్న పొరలు కొట్టుకుపోయాక బయటపడింది. ఎండకూ వానకూ పగుళ్ల వెంట అరిగి, అంచులు గుండ్రబడి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలిచింది. రాయి అరిగి రాలిన గరుకు మన్నే మొరం. పొడిగా ఉన్న మొరం మీద మలుపు తిరిగేటప్పుడు చక్రం కింద గోళీలు పోసినట్టు జారుతుంది. ముందు బ్రేకు గట్టిగా పట్టినవాడు అక్కడే పడతాడు. వాన పడి ఆరిన మరుసటి రోజు అదే మొరం గట్టిగా, పట్టు ఇచ్చే నేలగా మారుతుంది. ఈ తేడా తెలిసినవాళ్లు జూలై, ఆగస్టుల్లో వాన తెరిపినిచ్చిన ఉదయం కోసం ఎదురుచూస్తారు.

పడమటికి పోయేకొద్దీ నేల మారుతుంది. శంకర్‌పల్లి, చేవెళ్ల దాటాక గ్రానైటు తగ్గి, దక్కన్ లావా పొరల నల్లరాయి, దాని మీద నల్లరేగడి మొదలవుతాయి. వికారాబాద్ చుట్టుపక్కల ఆ నల్లరాయి పైన జేగురు రంగు లాటరైట్ కప్పు ఉంటుంది. ఒకే రోజు సవారీలో గ్రానైటు బండ, నల్లరేగడి, ఎర్రమట్టి మూడింటినీ దాటే వీలుండటం సైబరాబాద్ దారులకు దక్కిన అరుదైన గుణం. ఎర్రమట్టి మీద టైరు నిలకడగా నడుస్తుంది. నల్లరేగడి మాత్రం వానాకాలంలో సైకిల్‌కు శత్రువే. బంకమట్టి టైరుకు చుట్టుకుని, ఫోర్కుకూ చక్రానికీ మధ్య నిండి, పది గజాలకే బండి కదలనంటుంది. అప్పుడు పుల్లతో గీకి, భుజాన వేసుకుని నడవడమే దారి.

సవారీ ఎట్లా మొదలైంది

మౌంటెన్ బైకింగ్ 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీ కొండల్లో రూపు దిద్దుకుంది. అక్కడి యువకులు లావు టైర్ల పాత సైకిళ్లను అడవి మంటలు ఆర్పే బండ్ల కోసం వేసిన మట్టిదారుల మీద దించేవారు. 1976లో మొదలైన రీప్యాక్ పందేలు దీన్ని ఒక ఆటగా నిలబెట్టాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో క్రాస్‌కంట్రీ పోటీగా చోటు దక్కింది. మన దేశంలో 2005లో మొదలైన ఎంటీబీ హిమాలయ పోటీ ఈ ఆటను నలుగురికీ తెలిపింది. దక్షిణాన బెంగళూరు శివారు తురహళ్లి అడవి గ్రానైటు బండల మీద సైకిలిస్టుల గుంపులు తయారయ్యాయి. సైబరాబాద్ నేల దానికి దగ్గరి చుట్టం.

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ ఏర్పడింది. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అప్పటికి ఇంకా ఊళ్లే. ఆఫీసు గేటు దాటితే రాళ్లు, తుమ్మచెట్లు, మేకలు. గేర్ల సైకిళ్లు మార్కెట్లోకి వచ్చి, జీతాలు వాటికి సరిపోయే స్థాయికి చేరాక, ఆఫీసు వెనకాల గుట్టే సవారీ మైదానమైంది. హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్, గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ వంటి బృందాలు వారాంతపు సవారీలను అలవాటు చేశాయి. దూరాల మీద మోజున్నవాళ్లు హైదరాబాద్ రాండోనర్స్ వంటి బృందాలతో రెండు వందల కిలోమీటర్ల రోడ్డు సవారీలకు మళ్లారు. మట్టి మీద మోజున్నవాళ్లు గండిపేట చెరువు దారి పట్టారు.

ఖాజాగూడ, దుర్గం చెరువు

ఐటీ కారిడార్‌కు అతి దగ్గరి గుట్ట ఖాజాగూడది. ఫక్రుద్దీన్ గుట్ట అని కూడా అంటారు. గుట్ట మీద బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా, అనంత పద్మనాభ స్వామి గుడి, మెహెర్ బాబా ధ్యానం చేశారని చెప్పే గుహ ఉన్నాయి. ఈ మూడింటి కోసం జనం తొక్కిన బాటలే ఇప్పుడు సైకిళ్లకు, రాళ్లెక్కేవాళ్లకు దారులు. దూరం చాలా తక్కువ. సవారీ మాత్రం చిక్కైనది. బోసి బండ మీద ఎక్కేటప్పుడు బరువంతా ముందుకు వంచి, చిన్న గేరులో ఆగకుండా తొక్కాలి. ఒక్కసారి పెడల్ ఆగితే మళ్లీ కదిలించడం కష్టం. దిగేటప్పుడు సీటు తగ్గించి, ఒళ్లు వెనక్కి పెట్టి, రెండు బ్రేకులనూ మెల్లమెల్లగా వదులుతూ రావాలి. బండ వాలు చివర అరిగిన మొరం పోగుపడి ఉంటుంది కాబట్టి, వేగం రాయి మీదే తగ్గించుకోవాలి. కొత్తవాళ్లు ఇక్కడ మొదలుపెట్టకపోవడం మంచిది.

గుట్టకు అటువైపు దుర్గం చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు ఇచ్చిన చెరువు ఇది. ఇప్పుడు దాని మీద 2020 సెప్టెంబర్‌లో తెరిచిన తీగల వంతెన. చెరువు చుట్టూ ఉన్న గుట్టలు నగర వారసత్వ శిలల జాబితాలో ఉన్నాయి. శిల్పారామంలోని ‘బేర్స్ నోస్’ శిల, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని ‘మష్రూమ్ రాక్’ కూడా ఆ జాబితాలోవే. 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ పట్టుబట్టి పోరాడకపోతే ఇవి కూడా కంకరగా మారి ఉండేవి. నగరంలో రాయిని వారసత్వంగా చూడటం నేర్పినవాళ్లు వాళ్లే.

ఖాజాగూడ నుంచి గోల్కొండ వైపు పోయేవాళ్లు షేక్‌పేట సరాయి దగ్గర ఆగాలి. కోటకు వచ్చే వర్తకులు, బాటసారులు దిగిన కుతుబ్‌షాహీ సత్రం అది. అక్కడి నుంచి కుతుబ్‌షాహీ సమాధులు, నయా ఖిలాలోని బ్రహ్మాండమైన బావొబాబ్ చెట్టు (ఊరివాళ్లకు హతియాన్ కా ఝాడ్), ఇబ్రహీంబాగ్‌లోని తారామతి బారాదరి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. రోడ్డంతా తారే, రద్దీ కూడా ఎక్కువే. ఆదివారం సూర్యోదయానికి ముందు తప్ప సైకిల్ మీద ఈ దారి పట్టడం దండగ.

విశ్వవిద్యాలయం అడవి

1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి గచ్చిబౌలిలో 2,300 ఎకరాల దాకా భూమి కేటాయించారు. పీకాక్ లేక్, బఫెలో లేక్ మధ్య రాళ్లు, పొదలు, సన్నని కాలిబాటలతో ఉన్న ఆ ప్రాంగణంలోనే ఎందరో సైకిలిస్టులు మట్టి మీద తొక్కడం నేర్చుకున్నారు. దాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాలలో 2025 మార్చి చివర యంత్రాలతో చెట్లు నరకడం మొదలైంది. విద్యార్థులు రోడ్డెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమని ఆదేశించింది. ఆ వారంలో పొదల్లోంచి బయటికి పరుగెత్తిన జింకలు, నెమళ్లు చూసినవాళ్లకు, ఐటీ కారిడార్ నడిబొడ్డున ఎంత అడవి మిగిలి ఉందో అప్పటికి గానీ తెలియలేదు.

గండిపేట చుట్టు

సైబరాబాద్ మౌంటెన్ బైకింగ్‌కు గుండె గండిపేట. ఇది ఉండటానికి కారణం ఒక వరద. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేలమంది చనిపోయారు. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాల మీద మూసీకి అడ్డంగా గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీకి అడ్డంగా హిమాయత్ సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఈ జంట జలాశయాల కోసమే 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. చెరువుల పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద కట్టడాలను అది కట్టడి చేసింది. నీళ్లు కాపాడటానికి వచ్చిన ఆ ఉత్తర్వు తెలియకుండానే బాటలనూ కాపాడింది. రాయదుర్గంలో నలభై అంతస్తులు లేస్తుంటే పదిహేను కిలోమీటర్ల అవతల జొన్నచేను, గులాబీ తోట, ఎడ్లబండి దారి మిగిలాయంటే ఆ చలవే.

మామూలుగా సవారీ నార్సింగి దగ్గర మొదలవుతుంది. కోకాపేట మీదుగా గండిపేట కట్టకు చేరి, ఖానాపూర్, వట్టినాగులపల్లి, జన్వాడ ఊళ్ల మీదుగా చెరువుకు ఉత్తరం పక్క సాగుతుంది. తారు రోడ్డు వదిలి ఎడమకు దిగిన ప్రతి మొరం బాటా చెరువు శిఖానికి పోతుంది. శిఖం అంటే చెరువు నిండినప్పుడు మునిగి, ఎండినప్పుడు తేలే నేల. నీళ్లు వెనక్కి పోయిన ఎండాకాలం మొదట్లో ఇది చదునైన, నెర్రెలు విచ్చిన మైదానం. అంచున జమ్ము, నడుమ కొంగలు, అక్కడక్కడ బర్రెలు. నెర్రె వెంట నిలువునా తొక్కితే చక్రం ఇరుక్కుంటుంది. అడ్డంగా దాటాలి. ఉస్మాన్ సాగర్ పూర్తి నీటిమట్టం 1,790 అడుగులు. వానాకాలంలో మట్టం దానికి దగ్గరైందని వార్త వచ్చిందంటే శిఖం బాటలన్నీ నీళ్లలో ఉన్నట్టే. గేట్లు ఎత్తిన రోజుల్లో మంచిరేవుల వైపు మూసీ దాటే కాజ్‌వేలను నమ్మకూడదు.

ఈ పక్కనే బుల్కాపూర్ నాలా ఆనవాళ్లు కనిపిస్తాయి. శంకర్‌పల్లి ప్రాంతం నుంచి కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ మీదుగా హుస్సేన్ సాగర్‌కు నీళ్లు తెచ్చిన పాత కాలువ అది. 1562 ప్రాంతంలో హుస్సేన్ సాగర్ కట్టించిన హుస్సేన్ షా వలీ దర్గా గచ్చిబౌలి దగ్గర పాత బొంబాయి రోడ్డు పక్కన ఉంది. కాలువ వెంట ఉన్న గట్టు ఒకప్పుడు ఊరికీ ఊరికీ దారి. ఈ గట్టు తెగకుండా మిగిలి ఉంటే శంకర్‌పల్లి నుంచి నగరం నడిమి దాకా వాలు లేని, వాహనాలు లేని చక్కటి సైకిల్ దారి మనకు చేతికందేది. ఇప్పుడది చాలా చోట్ల కాలనీల కింద ఇరుకు మోరీ.

దక్షిణపు ఒడ్డు చరిత్ర ఇంకా లోతైనది. చిలుకూరు బాలాజీ గుడికి హుండీ లేదు. వీసా కోసం మొక్కి పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూటెనిమిది చేసే ఐటీ జనంతో అది దేశమంతా తెలిసిన గుడి. కానీ చిలుకూరు వెయ్యేళ్ల కిందట పేరున్న జైన క్షేత్రం. దగ్గరలోని ఎనికెపల్లిలో 2023లో పురావస్తు పరిశోధకుడు ఈమని శివనాగిరెడ్డి రెండు జైన స్తంభాలను గుర్తించారు. నాలుగు ముఖాల మీద తీర్థంకరులను చెక్కిన ఆ స్తంభాల్లో ఒకటి గ్రానైటు, ఇంకొకటి నల్లరాయి. అవి ఊరి చెరువు తూముకు వాడిన రాళ్లలో కలిసిపోయి ఉన్నాయి. పడమటికి కొంత దూరం పోతే నల్లరాయి నేల వస్తుంది కాబట్టి రెండు రకాల రాయీ అందుబాటులో ఉండేదేమో. టైరు కింద మారే నేలే శిల్పి ఉలి కింద కూడా మారిందన్నమాట. మూసీ ఒడ్డున చందిప్పలో కల్యాణి చాళుక్యుల నాటిదని చెప్పే మరకత శివలింగం గుడి ఉంది. శంకర్‌పల్లి నుంచి పొలాల నడుమ అక్కడికి పోయే బాట కొత్తవాళ్లకు అన్నిటికన్నా అనువైనది. పెద్ద ఎక్కుడు లేదు, దారి తప్పినా పొలం పనివాళ్లు కనిపిస్తారు.

చిలుకూరు దారిలోనే మృగవని జాతీయ ఉద్యానం ఉంది. 1994లో ప్రకటించిన ఈ ఉద్యానం విస్తీర్ణం సుమారు 3.6 చదరపు కిలోమీటర్లు. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చే నేల. అటవీ శాఖ అనుమతి లేకుండా, కంచె సందు దొరికింది కదా అని సైకిల్ లోపలికి తోయడం నేరం. కొందరు ఆ పని చేసి, మొత్తం సైకిలిస్టుల మీదే అటవీ సిబ్బందికి అనుమానం పుట్టించారు.

హిమాయత్ సాగర్ దారి చిన్నది. కట్ట దాటి కొత్వాల్‌గూడ, శంషాబాద్ మండలం నర్కూడ వైపు పోతే అమ్మపల్లి సీతారామచంద్ర స్వామి గుడి వస్తుంది. ఎత్తైన గోపురం, మెట్ల కోనేరు. సినిమాల్లో చూసి ఉంటారు, చాలా చిత్రాలు అక్కడ తీశారు. కోనేటి మెట్ల మీద కూర్చుని చద్ది తినడానికి ఇంతకన్నా మంచి చోటు ఈ దారిలో లేదు.

చేవెళ్ల మర్రులు, అనంతగిరి

దూరపు సవారీ అంటే అనంతగిరి. పోలీస్ అకాడమీ కూడలి నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా బీజాపూర్ రోడ్డు 46 కిలోమీటర్లు. రెండు పక్కలా నిజాం కాలంలో నాటిన మర్రిచెట్లు దాదాపు తొమ్మిది వందలు. కొమ్మలు పైన కలిసిపోయి, మే నెలలో కూడా రోడ్డు మీద నీడ. రోడ్డు వెడల్పు చేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి వీటి కోసం పోరాడారు. ఈ రోడ్డు మీద బస్సులు, టిప్పర్లు వేగంగా పోతాయి, ప్రమాదాలు ఎక్కువ. అటు చెట్లూ కావాలి, ఇటు ప్రాణాలూ నిలవాలి. రెండూ సాధ్యమయ్యే మార్గం చెట్ల వరస నడిమిలో ఉంచి పక్కన కొత్త దారి వేయడమేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. సైకిల్ మీద వెళ్లేవాళ్లు మాత్రం మర్రుల దారిని తెల్లవారుజామునే ఒకసారి చూసి, తరువాత పక్క ఊళ్ల మొరం రోడ్లకు మళ్లడమే క్షేమం. చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో కూరగాయల మడులు, పూలతోటల మధ్య ఆ రోడ్లు ఉన్నాయి.

వికారాబాద్ దాటాక అనంతగిరి అడవి మొదలవుతుంది. అనంత పద్మనాభ స్వామి గుడి ఉన్న ఈ గుట్టల్లోనే మూసీ పుడుతుంది. గండిపేటలో నిలిచేది ఈ నీరే. అంటే గండిపేట నుంచి అనంతగిరికి తొక్కడమంటే ఏటికి ఎదురు పోవడం. ఎర్రమట్టి బాట, ఆకులు కప్పిన మలుపులు, ఉన్నట్టుండి లోయలోకి దిగే వాలు. ఈ దారులన్నిటిలో అసలైన కొండ సవారీ అనిపించేది ఇదొక్కటే. దసరా ముందు రోజుల్లో దారి పక్కన గంపల్లో సీతాఫలాలు అమ్ముతారు. మాఘం దాటాక మోదుగులు పూస్తాయి. గుట్ట దిగి కోట్‌పల్లి జలాశయం దాకా సాగే దారి మెలికలు తిరిగిన అడవి రోడ్డు. రిజర్వు ఫారెస్టులోని కాలిబాటలకు మాత్రం అనుమతి అడిగే వెళ్లాలి.

పరిగి దారిలోని నస్కల్ అనే ఊరికి లోకంలో ఒక ప్రత్యేక స్థానం ఉంది. రెండు లావా పొరల మధ్య చిక్కుకున్న మట్టిలో దొరికిన చిన్న చిన్న దంతాల ఆధారంగా శాస్త్రవేత్తలు జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో డెక్కనోలెస్టెస్ అనే క్షీరదాన్ని ప్రకటించారు. రాక్షసబల్లుల కాలపు చివర, ఆరున్నర కోట్ల ఏళ్లకు పైబడి కిందట, భారత భూఖండం ఇంకా సముద్రంలో ఒంటరిగా ఉన్నప్పుడు ఇక్కడ బతికిన ఎలుకంత జంతువు అది. మన దేశంలో ఆ కాలపు క్షీరదం దొరకడం అదే మొదలు. ఊళ్లో దాని గుర్తుగా ఒక బోర్డు పెట్టినా ఈ దారిన పోయేవాళ్లు ఆగి చూస్తారు.

పూడూరు మండలంలోని దామగుండం అడవి కూడా సైకిల్, ట్రెక్కింగ్ బృందాలకు ఇష్టమైన చోటు. లోపల పాత రామలింగేశ్వర స్వామి గుడి ఉంది. నౌకాదళం అక్కడ సుమారు 2,900 ఎకరాల్లో నిర్మిస్తున్న రేడియో సమాచార కేంద్రానికి 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. పాత సవారీ పటాలు పట్టుకుని అటు వెళ్లకూడదు.

తిరుగు ప్రయాణానికి రైలుంది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం కాలంలో 1874లో మొదలైన లైను మీదే వికారాబాద్ జంక్షన్ ఉంది. పాయగా నవాబు వికారుల్ ఉమ్రా పేరు మీద వెలసిన ఊరు అది. సైకిల్‌ను సామానుగా బుక్ చేసుకుని లింగంపల్లిలో దిగితే హైటెక్ సిటీ దగ్గరే. పొద్దున ఎదురుగాలి లేనప్పుడు తొక్కుకుంటూ పోయి, మధ్యాహ్నం రైల్లో రావడం అలసటను సగానికి తగ్గిస్తుంది.

కట్టిన ట్రాకులు

ప్రత్యేకంగా సైకిళ్ల కోసం కట్టినవి కూడా ఈ ప్రాంతంలో ఉన్నాయి. కొత్తగూడలో అటవీ నేల మీద రాష్ట్ర పక్షి పేరుతో పాలపిట్ట సైక్లింగ్ పార్కు ఏర్పాటైంది. పిల్లలకూ, కొత్తవాళ్లకూ చెట్ల మధ్య తొక్కడం నేర్చుకోవడానికి అది సరైన చోటు. 2023 అక్టోబర్ 1న ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు. పైన కప్పంతా సోలార్ పలకలు, వాటి సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలోని ఇటువంటి దారిని చూసి దీన్ని రూపొందించారు. గుట్టల సవారీకి దీనితో నేరుగా పని లేదు. అయితే ఔటర్ మీద సైకిళ్లు నిషేధం కాబట్టి, నార్సింగి గుట్టల దాకా లారీల భయం లేకుండా చేరుకోవడానికి ఇది పెద్ద ఆసరా.

సైకిల్, ముల్లు, కాలం

ఈ నేలకు ముందు ఫోర్కుకు మాత్రం సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిల్ సైకిల్ చాలు. రెండు వైపులా సస్పెన్షన్ ఉన్న ఖరీదైన బండి ఖాజాగూడ బండల మీద తప్ప పెద్దగా అక్కరకు రాదు. డిస్క్ బ్రేకులు, రెండంగుళాలకు తగ్గని వెడల్పు టైర్లు తప్పనిసరి. మొరం మీద టైరులో గాలి కొంచెం తగ్గించుకుంటే పట్టు పెరుగుతుంది.

ఇక్కడి అసలు పీడ ముళ్లు. నల్లతుమ్మ ముల్లు తెల్లగా, సూదిలా నిటారుగా ఉండి టైరును నేరుగా దూసుకుపోతుంది. సర్కారు తుమ్మ ముల్లు పొట్టిదే గానీ, విరిగి మొన టైరు లోపలే ఉండిపోతుంది. పంచరు వేసుకున్నవాళ్లు టైరు లోపలివైపు వేలితో తడిమి ఆ మొనను పీకకపోతే, కొత్త ట్యూబు అరగంటలో మళ్లీ దిగిపోతుంది. పల్లేరు కాయలు పొలం గట్ల మీద కార్తీకం నుంచి ఎండి రాలతాయి. ఒక్కసారి తొక్కితే పదిచోట్ల చిల్లు. గాలి పంపు, రెండు ట్యూబులు, ప్యాచులు, టైరు లీవర్లు లేకుండా గండిపేట దాటకూడదు. ట్యూబ్‌లెస్ టైర్లలో సీలెంటు పోసుకునేవాళ్లు ఈ బాధ చాలావరకు తప్పించుకుంటారు. కిట్టు లేనివాళ్లకు ఊరి సెంటర్లో స్కూటర్లకు పంచర్లు వేసే దుకాణమే దిక్కు.

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా సవారీకి మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఎనిమిది గంటలకల్లా తిరుగుముఖం పట్టాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తక్కువలో తక్కువ. ఊరి చివర కుక్కలు వెంటపడితే దిగి సైకిల్‌ను అడ్డం పెట్టి మెల్లగా నడిస్తే ఊరుకుంటాయి. ఇక్కడి దారులకు విదేశాల్లోలా ఆకుపచ్చ, నీలం, నలుపు రంగుల కష్టం గుర్తులు లేవు. జీపీఎస్ ఫైలు ఇచ్చినవాడి శక్తే కొలత. అందుకే మొదటిసారి తెలిసినవాళ్లతోనే వెళ్లాలి. ఒంటరిగా పోయేవాళ్లు ఏ బాట పడుతున్నారో ఇంట్లో చెప్పి బయల్దేరాలి. చేనులో పంట ఉంటే గట్టు మీద నడిపించుకుపోవాలి. కల్లంలో వడ్లు ఆరబోసి ఉంటే చుట్టు తిరగాలి. ‘యాడికి పోతున్రు అన్నా’ అని అడిగిన రైతుకు ఆగి జవాబు చెప్పినవాళ్లకు ఆ బాట మరోసారి కూడా తెరిచే ఉంటుంది.

దారుల భవితవ్యం

2022 ఏప్రిల్‌లో 69 జీవో వచ్చి 111 జీవో ఆంక్షలను సడలించింది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికింది. ఎకరం ఆ ధర పలికే చోట గుట్ట గుట్టగా ఉండదు, బాట బాటగా ఉండదు. నిన్న చెరువు దాకా పోయిన మొరం బాటకు ఇవాళ ఫామ్‌హౌస్ ఇనుప గేటు అడ్డం వస్తోంది. ఎల్లుండి అక్కడ ప్లాట్ల రాళ్లు పాతి ఉంటాయి. నష్టపోయేది సైకిలిస్టులే కాదు. ట్రాక్టరు పొలానికి తీసుకుపోలేని రైతు, మందను చెరువుకు తోలలేని గొల్లకాపరి ముందుగా నష్టపోయారు.

చట్టంలో దీనికి ఆధారం లేకపోలేదు. నిజాం కాలపు సర్వే నుంచి వస్తున్న గ్రామ నక్షాల్లో బండ్ల బాటలు గీసి ఉన్నాయి. తెలంగాణ పల్లెల్లో వాటిని నక్షా బాటలంటారు. నక్షాలో ఉన్న బాట ఎవరి పట్టా కిందికీ రాదు, మూసే హక్కు ఎవరికీ లేదు. గేటు పెట్టినచోట తహసీల్దారుకు దరఖాస్తు చేసి సర్వే చేయించుకుంటే తిరిగి తెరిపించుకునే వీలుంది. పల్లెల్లో ఈ తగవులు చాలాకాలంగా నడుస్తున్నవే. కొత్తగా కావలసిందల్లా రైతు పక్కన సైకిలిస్టు కూడా నిలబడటం. తొక్కిన ప్రతి బాటకూ జీపీఎస్ రికార్డు ఉన్నది వీళ్ల దగ్గరే. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ 2050 వరకు మాస్టర్ ప్లాన్ తయారుచేస్తోంది. గండిపేట, హిమాయత్ సాగర్ చుట్టూ ఉన్న నక్షా బాటలను, చెరువు కట్టలను, బుల్కాపూర్ నాలా గట్టును అందులో ప్రజా మార్గాలుగా చేర్చాలి. ఈ దారుల్లో ఒక్కసారైనా తొక్కినవాళ్లు తమ రికార్డులను ఊరివాళ్ల చేతికిచ్చి, వాళ్లతో కలిసి ఆ ప్లాన్ మీద అభ్యంతరాలు, సూచనలు రాతపూర్వకంగా ఇవ్వాలి.